కాటిసీనుకు వన్స్‌మోర్

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒకప్పుడు నాటకమంటే రాత్రి పదికి మొదలై కోడి కూసేదాకా. హరిశ్చంద్రలో కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడయ్యేది. ఎదురుగా కొడుకు శవం. పక్కన కట్టుకున్న ఇల్లాలు. చేతిలో కర్ర. కాటికాపరి పద్యం ఎత్తుకునేవాడు. రాగం ముగిసీ ముగియకముందే కింద నుంచి కేక: వన్స్‌మోర్! లోహితాస్యుడి వేషం కట్టిన కుర్రాడు దోమలు పీక్కు తింటున్నా కదలకుండా పడుకునేవాడు. మళ్లీ పద్యం. మళ్లీ వన్స్‌మోర్. రసికులండీ మనవాళ్లు! ఏడుపును కూడా రెండోసారి పాడించుకుని, చొక్కాకి నోటు గుచ్చి, తుండుగుడ్డతో కళ్లు ఒత్తుకుంటూ ఇంటికి పోయేవాళ్లు.

ఆ సత్య హరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం ఈ సీమవాడే. కాటిసీనులో పాడుకునే పద్యాలు వినుకొండ గడ్డ మీద పుట్టిన జాషువావి. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది తెనాలిలో. ఇంత వంశం ఉన్నవాళ్లం కదా, విషాదమంటే ఏమిటో మనకొకరు చెప్పాలా?

చెప్పాలి. మరిచిపోయాం.

సంస్కృత నాటకానికి చావుతో తెర దించడం పనికిరాదు. ఎన్ని కష్టాలు పెట్టినా చివర్లో మంగళం పాడాల్సిందే. ఆ కట్టు తెంపి, బళ్లారిలో కూర్చుని ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాశాడు. రాజు తొందరపాటుకు కొడుకు కాళ్లూ చేతులూ పోయాయి. జనం ఏడ్చారు. పెద్దలు నొసలు చిట్లించారు. నాటకం మాత్రం నిలిచింది. అంతకు ఇరవైరెండు శతాబ్దాల ముందే గ్రీకు పెద్దాయన అరిస్టాటిల్ లెక్క తేల్చాడు. విషాద నాయకుడు పరమ దుర్మార్గుడు కాకూడదు, పరమ పుణ్యాత్ముడూ కాకూడదు. తన పొరపాటే తనను పడగొట్టాలి. ఇంతే సూత్రం. చేసినవాడు చెల్లించాలి.

గ్రీసు దాకా ఎందుకు, కారంపూడి చాలదా? పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం. కోడిపందెం. ఎదుటి పక్షం నాగమ్మ దగా చేసిందంటారు, చేసే ఉండొచ్చు. పందెం ఒప్పుకున్నది ఎవరు? రాజ్యాన్ని పుంజు కాలికి కట్టిందెవరు? మహామంత్రి బ్రహ్మనాయుడే కదా. చాపకూడు పెట్టి కులాలన్నిటినీ ఒక్క బంతిలో కూర్చోబెట్టినంత గొప్పవాడు ఒక్క పూట బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాడు. పందెం ఓడి ఏడేళ్లు ఊరు వదిలాడు. రాయబారానికి వెళ్లిన అలరాజు విషానికి బలైపోయాడు. కొడుకు బాలచంద్రుడు నాగులేటి ఒడ్డున నేలకొరిగాడు. ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అయిదు రోజులు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి పొరపాటును ఏటా తలుచుకుని ఏడ్చే జాతి ఇది.

ఆ కథను గూడవల్లి రామబ్రహ్మం సినిమాగా మొదలుపెట్టి పూర్తికాకుండానే కన్నుమూశాడు. ఎల్.వి.ప్రసాద్ ముగించాడు. 1947లో వచ్చింది. 1966లో మళ్లీ తీశారు, బ్రహ్మనాయుడిగా ఎన్టీఆర్, నాగమ్మగా భానుమతి. బాగుంది.

2003లో 'పల్నాటి బ్రహ్మనాయుడు' అని ఇంకొకటి వచ్చింది. కథకూ పల్నాటి యుద్ధానికీ చుట్టరికం లేదు, పేరు మాత్రం వాడుకున్నారు. అందులో నాయకుడు తొడ కొడతాడు. ఎదురుగా వస్తున్న రైలు వెనక్కి పోతుంది. నవ్వకండి. మనమే టికెట్టు కొని చూశాం. ఆ విద్య అసలు బ్రహ్మనాయుడికి తెలిసి ఉంటే ఎంత బాగుండేది! ఒక్క తొడ కొడితే ఓడిన పుంజు లేచి మళ్లీ బరిలోకి దూకేది. వనవాసం లేదు, యుద్ధం లేదు. అయిదు రోజుల ఉత్సవాలకు చందాలూ మిగిలేవి.

ఇదీ మన సినిమా కనిపెట్టిన మందు. విషాదం కావాలి. విషం మాత్రం తీసేయాలి.

దేవదాసును చూడండి. 1953లో అక్కినేని చేసిన దేవదాసు పిరికివాడు. తండ్రికి ఎదురు చెప్పలేదు, పార్వతిని పోగొట్టుకున్నాడు, తాగాడు, చివరికి ఆమె ఇంటి ముందుకొచ్చి పోయాడు. చేసిన తప్పుకు గడప బయటే చెల్లించాడు. 2017లో అర్జున్ రెడ్డి వచ్చాడు. తాగుడు అదే, గడ్డం అదే, కుక్క కూడా ఉంది. ముగింపు? పిల్ల తిరిగొచ్చింది, కడుపులో ఉన్నది తన బిడ్డేనట, పెళ్లయిపోయింది. మరి ఆ తాగుడికీ, ఆ కోపానికీ, ఆ దౌర్జన్యానికీ బిల్లు ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు. హాలు మాత్రం ఈలలతో దద్దరిల్లింది. (లియర్ రాజు కథను తీసుకొచ్చి 1949లో కె.వి.రెడ్డి 'గుణసుందరి కథ'గా మార్చాడు, సుఖాంతం చేశాడు. కానీ ఆయన అది కాశీమజిలీ కథలాంటిదని దాచలేదు. మనవాళ్లు 'గుండెను పిండే వాస్తవం' అని పోస్టర్ వేస్తారు. తేడా అక్కడ.)

ఇక మన ఊరి పేరు మీదే వచ్చిన సినిమా. 'గుంటూరు కారం', 2024 జనవరి 12, సంక్రాంతి. కన్నతల్లి కొడుకును వదిలేసి వెళ్లిపోతుంది. ఆ కొడుకు రమణ మిర్చి యార్డు మనిషిగా పెరుగుతాడు. ఏళ్ల తరవాత తల్లి తరఫువాళ్లు పిలిచి, నువ్వు మావాడివి కాదని సంతకం పెట్టమంటారు. అరె, ఇది కర్ణుడి కథ కదా! కుంతి వదిలేసిన బిడ్డ. మన పద్యనాటకాల వాళ్లు తరతరాలుగా గొంతు చించుకుని పాడిన కథ. ఆ కర్ణుణ్ణి కవచకుండలాలు అడిగారు, ఈ రమణను సంతకం అడిగారు. ఆ కర్ణుడు తల్లి మాట విని కూడా స్నేహితుణ్ణి వదల్లేదు, రథచక్రం కుంగిన చోట చెల్లించాడు. మరి ఈ రమణ? నాలుగు ఫైట్లు, ఒక కుర్చీ పాట, అమ్మ ఒళ్లో శుభం కార్డు.

తీసుకోనీండి. కథలు అందరివీ. నా కోపం దాని మీద కాదు. ఆ సినిమాలో యార్డు ఉంది. కారం ఉంది. మంట కూడా ఉంది. కాయ పండించినవాడేడీ?

వాడు ఎక్కడున్నాడో నేను చూపిస్తా, పొద్దున్నే రండి. ఆసియాలోకెల్లా పెద్దదని మనం చెప్పుకునే గుంటూరు యార్డు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మూతి విప్పి వరసగా ఉంటాయి. నిలబడితే తుమ్ములు ఆగవు. బాబాయి వరసయ్యే కౌలు రైతుతో ఒకసారి వెళ్లాను. వ్యాపారి వచ్చాడు. గుప్పెడు కాయలు తీశాడు. ఒకటి విరిచాడు. ఇంకొకటి చెవి దగ్గర పెట్టి విదిలించాడు, గింజ గలగలమంటుందో లేదో వినడానికి. 'తేమ ఉంది. తాలు కలిసింది.' అంతే. చీటీ మీద అంకె గిలికి పక్క టిక్కీ దగ్గరికి వెళ్లిపోయాడు. మొత్తం ఒక నిమిషం కూడా కాలేదు.

'ఎంత వేశాడు బాబాయ్?'

'చదువుకున్నోడివి కదరా, నువ్వే చూడు. నాకు కళ్లు మండుతున్నాయి.'

ఏ నాటకంలో ఉంది ఇంతకన్నా మంచి డైలాగు?

ఈ నేల మీద అసలు విషాదం ఎప్పుడు మొదలైందో పెద్దవాళ్లను అడగండి. 1987-88. ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ కప్పేసింది. నల్లరేగడిలో తెల్లబంగారం అన్నారు. పైరిత్రాయిడ్ మందులు కొట్టమన్నారు. కొట్టారు. మిత్ర పురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. మళ్లీ కొట్టారు. ఇంకా పెరిగింది. తెల్లదోమ చావలేదు, రైతు చచ్చాడు. ఒక్కడు కాదు, ఊళ్లకు ఊళ్లు శవాలు మోశాయి. 2021-22లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది. పూత రాలింది. పీకి పారేసిన తోటలెన్నో. ఈ రెండు కథల్లో రైతు చేసిన పొరపాటు ఏది, అరిస్టాటిల్ గారూ? చెప్పిన మాట నమ్మడమా?

వేదిక మీద తప్పు చేసినవాడు చెల్లించాడు. తెర మీద ఎవడూ చెల్లించడు. చేలో మాత్రం తప్పు చేయనివాడు చెల్లిస్తున్నాడు. అర్థమైందా నాటకం ఎక్కడ తలకిందులైందో?

గూడవల్లి 1939లో 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లు మండిపడ్డారు. ఇవాళ రైతు సినిమా తీస్తే ఎవరికి కోపం? నాయకులే వచ్చి క్లాప్ కొడతారు. పంచె కట్టిన హీరో పాట పాడతాడు. కల్లంలో ఆరబోసిన ఎర్రటి కాయల మీద రౌడీలు ఎగిరెగిరి పడతారు. కారం లేస్తుంది, హాలంతా ఈలలు. ఆ కల్లం చూస్తే నాకు ఒకటే బెంగ: ఎన్ని టిక్కీల కాయ పగిలిపోయిందో!

ధరల సంగతికి వద్దాం. 'గుంటూరు కారం' టికెట్టు మీద రూ.50 పెంచుకోవచ్చని సర్కారు అనుమతిచ్చింది. 2024 డిసెంబరులో 'పుష్ప-2' ముందురోజు ఆటకు రూ.800 అంది. పెట్టుబడి ఎక్కువైంది మహాప్రభో అని నిర్మాత అడిగితే కాగితం చకచకా కదులుతుంది. న్యాయమే, పెట్టుబడి పెట్టాడు పాపం. మిర్చి రైతు పెట్టలేదా? నారు, నీరు, మందు, కోత కూలి ఊరికే వచ్చాయా? పంట పేరు పెట్టుకున్న సినిమాకు ధర పెరిగింది. పంటకో? కేంద్రం మద్దతు ధర పంటల జాబితాలో మిర్చి పేరే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలి గగ్గోలు పుడితే, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 అని లెక్క కట్టారు. ఆ చివరి ఒక్క రూపాయి చూడండి. ఎంత కచ్చితం! అంతకు ముందు ఏడాది ఇరవై వేలు చూసిన కాయకు.

పత్తికి మద్దతు ధర ఉంది కదా అంటారా? ఉంది. 2025-26కు పొడుగు పింజ క్వింటాలు రూ.8,110. తేమ 12 శాతం దాటితే మాత్రం దణ్ణం పెట్టి ఇంటికి తీసుకుపోవాలి. వాన పడితే తప్పు మేఘానిది కాదు, పత్తిది. అదే ఏడాది ఆగస్టులో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. ఎప్పటిదాకా? డిసెంబరు చివరిదాకా. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే కాలం. పరదేశీ పత్తికి సుంకం మాఫీ.

సుంకం అంటే గుర్తొచ్చింది. కాటిసీను ఇంకా అవలేదు.

హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవం ముందు పెట్టుకుని కట్టుకున్న భార్య చంద్రమతిని కాటి సుంకం అడిగాడు. ఎందుకు? ఇచ్చిన మాట కోసం. రాజ్యం పోయినా, ఆలుబిడ్డలను అమ్ముకున్నా మాట తప్పనివాడు. ఆ అడగడంలో ఆయన గుండె పగిలింది, చూసేవాళ్ల గుండె పగిలింది. మన దగ్గర మెడకు ఉరిలా బిగుసుకున్న అప్పుతో రైతు ప్రాణం తీసుకుంటే, 2019 నుంచి కుటుంబానికి రూ.7 లక్షలు ఇస్తామన్నారు. మంచి మాట. కానీ అది నిజంగా రైతు ఆత్మహత్యేనా, కాదా? తేల్చాలి కదా! పాస్‌బుక్ ఏది? భూమి నీది కాదా? కౌలు కార్డు ఏది? కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే భూమి ఎక్కడ పోతుందోనని ఆయన భయం. వడ్డీకి తెచ్చిన అప్పుకు నోటు ఏది? నోటి మాట మీద తెచ్చాడా? అయితే రుజువేది? బతికున్నప్పుడు రైతని ఎవరూ ఒప్పుకోలేదు. పోయాక రైతేనని అతని భార్య రుజువు చేయాలి. నిండా పాతికేళ్లు లేని పిల్ల, చంకలో బిడ్డ, చేతిలో ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు.

తేల్చేది త్రిసభ్య కమిటీ. ఆర్డీవో ఒకరు, డీఎస్పీ ఒకరు, వ్యవసాయ శాఖ ఏడీ ఒకరు.

చంద్రమతిని సుంకం అడగడానికి కాటికాపరి ఒక్కడే ఉన్నాడు. ఇక్కడ ముగ్గురు.