డ్యూటీ

మా నాన్న కేకే లైనులో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపి, అక్కణ్ణుంచి జపానుకి పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన కొత్తవలస – కిరండూల్ లైను అది. 58 సొరంగాలు. అరకు వెళ్ళే పిల్లలు చీకటి పడగానే కేకలేస్తారే, అవే. నాన్న వాటిల్లో కాలినడకన తిరిగాడు. భుజాన సుత్తీ స్పానరూ, సంచిలో జెండాలు. కరెంటు ఇంజన్లు రాకముందు బండి వెళ్ళిపోయినా డీజిలు పొగ మాత్రం లోపలే ఉండిపోయేదట. బండి మీదికొస్తే గోడలో తొలిచిన గూట్లోకి దూరి, వీపు రాతికి ఆనించి నిలబడాలి. సుత్తితో ఓ దెబ్బ వేసి, మోత విని, ఏ కీ వదులైందో చెప్పేవాడు. ఇప్పుడు కళ్ళు మసకబారాయి గానీ చెవులు అలాగే ఉన్నాయి.

హైదరాబాదు అక్క కొడుకు అమెరికా నుంచి శృంగవరపుకోటలో మా ఇంటికొచ్చాడు. పైడితల్లమ్మ సిరిమాను చూసి వెళ్ళిపోతానన్నవాడు, పండగ వెళ్ళి పక్షం దాటినా కదల్లేదు. ఆదివారం విజయనగరంలో పెళ్ళిచూపులు పెట్టింది అక్క. అబ్బాయి జీతం ఎవరడిగినా డాలర్లలోనే చెబుతుంది. అంకె చిన్నదైతే దిష్టి తగలదని కాబోలు. వాడి లాప్‌టాప్ సంచి వచ్చిన రోజు ఎక్కడ పెట్టాడో అక్కడే గోడకి ఆనుకుని ఉంది. వాడు మాత్రం స్నేహితుడి దగ్గర గేర్ల సైకిలు తెచ్చుకుని, తెల్లారకుండానే బొడ్డవర మీదుగా ఘాటీ ఎక్కేవాడు. త్యాడ, డముకు, అనంతగిరి. పది దాటాక చెమటతో వచ్చి అరుగు మీద కూలబడేవాడు.

ఆ పూట వాడికో ఆలోచన వచ్చింది.

"తాతయ్యా, ఆ సొరంగాల్లో పాతబడి వదిలేసింది ఒక్కటైనా లేదా? సైకిలు మీద లోపలికి వెళ్ళొస్తా."

"బండి తిరిగే లైన్లో అడుగెడితే కేసెట్టెస్తారు. ఏటుందిరా అందల?"

"అమెరికాలో వెళ్ళా కదా!" అంటూ మొదలెట్టాడు. ఐడహో, మోంటానా సరిహద్దులో హయావతా అని ఓ కొండ దారి. ఒకప్పుడు రైలు లైను. కంపెనీ దివాలా తీశాక 1980లో బళ్ళు ఆగిపోయాయి, పట్టాలు పీకేశారు. 1998 నుంచి దాని మీద సైకిళ్ళు. ఒక్క టాఫ్ట్ సొరంగమే రెండున్నర కిలోమీటర్ల పైన. లోపల చిమ్మచీకటి, ఎండాకాలంలోనూ గజగజ వణికించే చలి, పైనుంచి కారే నీళ్ళు, రెండు పక్కలా కాలవలు.

నాన్న చోడి అంబలి తాగుతూ శ్రద్ధగా విన్నాడు.

"దీపం ఇచ్చినారా?"

"దీపం, హెల్మెట్ లేకపోతే లోపలికి రానివ్వరు."

"మంచిదే. మాకు తలమీద తువ్వాలే. మరి తిరిగి ఎక్కడం?"

"బస్సులో తెచ్చి దించుతారు తాతయ్యా. మనం దిగడమే."

"దిగడానికే అయితే బాగానే ఉన్నాది. ఎంతిచ్చినారు?"

"ఇవ్వడమేంటి? టికెట్టు మనమే కొనుక్కోవాలి!"

మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. నాన్న ఒక్కడే నవ్వలేదు.

"ఏ వారం ఎల్లినావు?"

"బుధవారం. శని, ఆదివారాలైతే జనం ఎక్కువ."

"బుధవారం నీకు రెస్టా?"

"అంటే... సెలవు పెట్టా."

"ఇక్కడికి రావడానికీ సెలవేనా?"

"ఇక్కణ్ణుంచే పని చేస్తున్నా తాతయ్యా." గొంతు కాస్త పీలగా వచ్చింది.

నాన్న గ్లాసు కింద పెట్టాడు. తడుముకుంటూ వాడి చెయ్యి అందుకున్నాడు.

"ఉద్యోగం పోనాదని మీ యమ్మకి సెప్పినావేట్రా?"

"అయ్యో మావయ్యా!" అంది మా ఆవిడ, ఇంకా నవ్వాపుకోలేక. "అక్కడ సొరంగం పనికెళ్ళాడనుకున్నారా? సరదాకి వెళ్ళాడండీ. వాడికేం, లక్షణంగా కంపెనీలో..."

"లక్షణంగా డ్యూటీ ఉన్నోడు డబ్బెట్టి సీకట్లో దూరతాడేటమ్మా?"

మేనల్లుడు సైకిలు గొలుసుకి అంటిన మట్టిని గోటితో గీకుతున్నాడు. తలెత్తలేదు.

"ఆదివారం అయ్యాక చెబుదామని, తాతయ్యా."