తలంబ్రాల గింజలు కనపడాల

మా రోజుల్లో హార్డ్‌డిస్కులో జాగా దొరకడమే గగనం. ఆళ్లగడ్డలో పెళ్లి తీసి నంద్యాలలో మిక్సింగుకు కూర్చుంటే, గంట మినీ డీవీ క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కడానికి గంట పట్టేది. 13 జీబీ మింగేది. రెండు క్యాసెట్లకే 40 జీబీ డిస్కు సగం పైన నిండేది. అయినా ముందే నొక్కి చిన్నది చేసుకుని ఎడిటింగుకు దిగేవాళ్లం కాదు. డీవీలో సెకనుకు 25 ఫ్రేములు, ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. ఎక్కడ కత్తిరించినా శుభ్రంగా తెగేది. పనంతా అయినాక, చిట్టచివర ఒక్కసారే డీవీడీకని ఎంపెగ్-2 చేసేవాళ్లం. 4.7 జీబీ డిస్కులో గంట వీడియో పెడితే బొమ్మ నిలబడేది. "మూడు గంటలూ ఒకదాంట్లోనే కొట్టప్పా" అని పెళ్లివారు అడిగితే, "ఇంకో రెండు డిస్కులు తీసుకోండి సామీ, తాళి కట్టే ఘట్టం చెడగొట్టుకోవద్దండి" అని బతిమాలేవాళ్లం.

ఇప్పుడు జాగాకేం కొదవ? టెరాబైట్ డిస్కు చొక్కా జేబులో పడుతుంది. అయినా మొన్న నంద్యాలలో మా బంధువుల పెళ్లి వీడియో చూస్తే కడుపు తరుక్కుపోయింది. దోసిళ్లతో తలంబ్రాలు పోసుకుంటున్నారు, గింజ ఒక్కటీ కనపడదు. గాల్లో పసుపు మరకలు, చదరాలు చదరాలుగా. పెళ్లికూతురు చెయ్యెత్తితే చీర జరీ అంచు అలికేసినట్టయింది. అది కెమెరా తప్పు కాదు. ఫోన్లలో తీసినవి వాట్సాప్‌లో తెప్పించుకున్నారు, అక్కడొక నొక్కుడు. ఎడిటింగ్ యాప్‌లో ఇంకొకటి, పెన్‌డ్రైవ్‌కని మరొకటి. అంతా అయినాక 4కే అని ఎక్స్‌పోర్ట్! పోయిన గింజలు 4కేలో తిరిగొస్తాయా?

2003లో వచ్చిన హెచ్.264 అయినా, 2013లో వచ్చిన హెచ్.265 అయినా, వీడియోను నొక్కే ఈ పద్ధతులు ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకుని, తర్వాతి వాటిలో మారినంత వరకే రాసుకుంటాయి. అయ్యవారు కదలకుండా కూర్చుని మంత్రం చదువుతుంటే తక్కువ బిట్‌రేట్, అంటే సెకనుకు తక్కువ డేటా, సరిపోతుంది. తలంబ్రాలప్పుడు ప్రతి గింజా తన దారిన పోతుంది. అప్పుడు బిట్‌రేట్ చాలకపోతే గింజలనే వదిలేస్తాయి. అహోబిలం పారువేట పల్లకీ ఊళ్లోకొచ్చినప్పుడు ముందు నడిచే జనం ముఖాలకూ అదే గతి.

పని చేసే పిల్లోళ్లకు చెప్తూనే ఉంటా. నాయనా, కార్డులో ఉన్నది ఉన్నట్టు డిస్కులోకి దించుకో. కంప్యూటర్ తడబడితే చిన్న నకలు పెట్టుకుని కత్తిరించు, రెండర్ మాత్రం అసలుతోనే చెయ్యి. 1080పీకి 16 ఎంబీపీఎస్ ఇస్తే గంటకు 7 జీబీ చిల్లర అవుతుంది, కానియ్యి. వాట్సాప్‌కు వేరే చిన్నది తియ్యి.

పెళ్లివారు కూడా లెక్క తేల్చేటప్పుడే అసలు ఫైళ్లు తమ డిస్కులో వేయించుకోవాల. వచ్చే ముహూర్తానికి వీడియో తీసినవాళ్లు ఆ కార్డు చెరిపేస్తారు.