సెట్టింగన్న

సోలాపూర్ తూర్పు పేటల్లో ఎవరింట్లోనైనా కంప్యూటర్ సరిగ్గా నడుస్తోందంటే ఆ మాట బయటపెట్టరు. పెడితే సెట్టింగన్న వస్తాడు.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంది. రేషన్ కార్డులో ఉంది, మార్కండేయ రథోత్సవం చందా పుస్తకంలో ఉంది. పేటలో మాత్రం సెట్టింగన్నే. గల్లీకొకడు చొప్పున ఉంటాడు. అశోక్ చౌక్ పక్కన ఒకడు, కన్నా చౌక్ దగ్గర ఒకడు, విడి ఘర్‌కుల్‌లో అయితే వరసకొకడు. పగలు జకార్డ్ డిజైన్ల దుకాణంలోనో, నూలు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తూనో కాలం గడుపుతాడు. అసలు ఉద్యోగం దీపాలు పెట్టాక మొదలవుతుంది. దానికి జీతం లేదు. ఇచ్చినా పుచ్చుకోడు. చిక్కంతా అక్కడే వచ్చింది. డబ్బు తీసుకునే మనిషైతే పిలవకుండా ఊరుకోవచ్చు.

పెద్దమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పరవడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ చూపు టీవీ మీద ఉండగానే అయిపోతుంటాయి. సెట్టింగన్న గుమ్మంలో చెప్పులు విడుస్తూనే కంప్యూటర్ తెర వంక చూసి మొహం చిట్లిస్తాడు.

"ఏంది పెద్దమ్మా, ఇంత స్లో ఉన్నది?"

"స్లో ఏం లేదు బిడ్డా. మనుమడు మంచిగనే ఆడుకుంటున్నడు."

"నీకు తెల్వది. థాంబ్."

మరాఠీలో ఆగమనగానే మనుమడు కుర్చీ ఖాళీ చేస్తాడు. సెట్టింగన్న కూర్చుని ముందుగా మౌస్ కుడి మీట నొక్కి రిఫ్రెష్ అంటాడు. మళ్లీ రిఫ్రెష్. మళ్లీ. పురోహితుడు సంకల్పానికి ముందు ఆచమనం చేసినట్టు ఇది చేయనిదే ఆయన చెయ్యి ముందుకు సాగదు. ఆ రిఫ్రెష్ తెర మీది బొమ్మల్ని మళ్లీ గీయించడం తప్ప ఇంకేమీ చేయదు. ర్యామ్‌ను కడగదు, ప్రాసెసర్‌కు ఊపిరి పోయదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు. అయినా నొక్కుతాడు. దేశంలో సగం మంది నొక్కుతారు.

తర్వాత విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీ తెరుస్తాడు. అక్కడ మెనూషోడిలే అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 400. అంటే ఒక మెనూలోంచి ఇంకో మెనూ విచ్చుకునే ముందు విండోస్ 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. అర సెకను కూడా కాదు. ఆ ఆగడం కూడా ఊరికే పెట్టింది కాదు, మౌస్ దాటిపోతుంటే దారిలో ఉన్న ప్రతి మెనూ విచ్చుకోకుండా పెట్టింది. సెట్టింగన్న దాన్ని సున్నా చేస్తాడు. చేసి, గెలిచినవాడిలా వెనక్కి వాలుతాడు. ఇంతకీ ఆ కంప్యూటర్ వాడేదెవరు? చూపుడువేలు గాల్లో తిప్పుతూ 'ఎస్' ఎక్కడుందో అర నిమిషం వెతికే పెదనాయన. ఆయనకు ఇప్పుడు మెనూలు అందకుండా పోయాయి. మౌస్ కదిపితే చాలు, ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతున్నాయి.

అక్కడితో ఆగితే ఆయన సెట్టింగన్న ఎందుకవుతాడు? కిటికీల నీడలు, మెనూలు జారుతూ తెరుచుకునే సొగసు, అన్నీ తీసేస్తాడు. "ఇవన్నీ బోజ పెద్దమ్మా, మిషన్ మీద బోజ" అంటాడు. అలా బరువు దింపి, ఆ మిగిలిన చోటులో రెయిన్‌మీటర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాడు. ఇక తెర మీద ఒక గుండ్రటి గడియారం, ర్యామ్ ఎంత వాడుతోందో చూపే గీత, ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపే ముల్లు, కింద సోలాపూర్ ఉష్ణోగ్రత. మే నెలలో సోలాపూర్ నలభై దాటిందని చెప్పడానికి కంప్యూటర్ కావాలా? ఆ ముల్లు కదలడానికి కూడా ప్రాసెసర్ కష్టపడాలన్న సంగతి ఎవరూ అడగరు. అడిగితే ఇంకో గంట కూర్చుంటాడని భయం.

నాకు కోపం వచ్చింది వాల్‌పేపర్ విషయంలో. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, ఆ బొమ్మ అందరికీ తెలుసు. 1996లో కాలిఫోర్నియాలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో అది. ఎక్స్‌పీ పోయినా పెద్దమ్మ ఆ బొమ్మను పోనివ్వలేదు, మనుమడితో అడిగి మళ్లీ పెట్టించుకుంది. వాన కోసం మొగులు వంక చూసే ఊళ్లో ఆ పచ్చదనం కంటికి చలవ. సెట్టింగన్న దాన్ని తీసేసి కదిలే జలపాతం పెట్టాడు. జలపాతం రెండు నిమిషాలు దూకి, తర్వాత అలాగే బిగుసుకుపోయింది.

భాష సంగతి మరీ కథ. ఒకసారి ఆయనకు మాతృభాషాభిమానం పుట్టి, ఒక ఇంట్లో విండోస్ మొత్తాన్ని తెలుగులోకి మార్చాడు. గొప్ప పనే. అయితే ఆ ఇంట్లో పిల్లలు మరాఠీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు, చదవమంటే అక్షరం రాదు. తెలుగు చదవడం వచ్చిన ముసలాయన కంప్యూటర్ ముట్టడు. వారం పాటు ఆయన కుర్చీ వేసుకుని తెర మీద మాటలు పైకి చదవడం, పిల్లలు విని క్లిక్ చేయడం! తాతామనవళ్లు అంతసేపు ఒక్కచోట కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలని కోడలు సంతోషించింది. పరీక్ష ఫారం నింపే రోజు రాగానే ఆ కోడలే వెళ్లి భాష మార్పించింది.

ఈ విద్య ఆయనకు ఎక్కడిది? కంప్యూటర్ పత్రికల వెంట సీడీలు వచ్చే రోజుల నాటిది. ఎక్స్‌పీ కోసం మైక్రోసాఫ్టే పవర్‌టాయ్స్ అని కొన్ని ఆటవస్తువులు వదిలింది, వాటిలో ట్వీక్ యూఐ ఒకటి. సెట్టింగన్నకు అదే పెద్దబాలశిక్ష. దానితోపాటు కొన్ని అపోహలు కూడా చేరాయి, ఇప్పటికీ వదల్లేదు. విండోస్ మన ఇంటర్నెట్‌లో 20 శాతం దాచుకుంటుందని, ఫలానా చోట సున్నా పెడితే విడిపిస్తుందని అంటాడు. అడిగే ప్రోగ్రాం ఏదీ లేకపోతే అది ఏమీ దాచుకోదని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పింది. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే వేగం పెరుగుతుందంటాడు. అది ప్రోగ్రాంలు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసిపెట్టుకునే చిట్టా. చెరిపేస్తే మళ్లీ మొదటినుంచీ రాసుకోవాలి, అందాకా ఇంకా నెమ్మది. ఎస్‌ఎస్‌డీ వేసిన మిషన్‌కు డీఫ్రాగ్ చేస్తానని కూర్చుంటాడు. తిరిగే పళ్లెమే లేని డిస్కులో సర్దేదేమిటి?

వాళ్ల నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో జాబర్. మగ్గం చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ధోటా, అంటే నాడె, పెట్టెలోంచి ఎగిరిపోతోందంటే గోడ అవతల టీ తాగుతూనే "పికర్ అరిగింది చూడండి" అనేవాడు. ఆయనకు కొడుకు తీరు నచ్చదు. "నడిచే మగ్గాన్ని ముట్టొద్దురా. ఆగినంక ఎట్లా ముట్టేదే గదా" అంటాడు. కొడుకు దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్‌కు మూలం మగ్గమేనని, మనమే దానికి పెద్దలమని. అందులో ఆయన కొంచెం పెంచినా అబద్ధం లేదు. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్ ఊరివాడు జకార్డ్ చేసిన యంత్రంలో చిల్లులు పొడిచిన అట్టలే ఆజ్ఞలు. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ పద్ధతిలో పట్టు మీద నేసిన జకార్డ్ చిత్రపటానికి దాదాపు 24,000 అట్టలు పట్టాయి. దాన్ని ఇంట్లో పెట్టుకున్న ఆంగ్లేయుడు ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అవే అట్టలు కావాలన్నాడు. సోలాపూర్ చాదర్ మీద పువ్వు లేచేది ఇప్పటికీ ఆ లెక్కతోనే. ఇదంతా ముసలాయన శ్రద్ధగా విని, "ఆ జకార్డ్ గూడా నడిచే మగ్గాన్ని ముట్టకపోయి ఉంటడు" అన్నాడు. ముట్టాడు కాబట్టే జకార్డ్ అయ్యాడని కొడుక్కి తట్టలేదు. నాకు తట్టింది, కానీ వాళ్లింట్లో షేంగా చట్నీ, భాకరీ తింటూ వాళ్ల గొడవలో తలదూర్చడం బాగుండదు.

సెట్టింగన్నకు స్వర్ణయుగం 2012లో వచ్చింది. విండోస్ 8లో స్టార్ట్ బటన్ మాయమైంది. కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక పేటలో జనం స్విచ్ కట్టేశారు. ఇంటింటికీ తిరిగి స్టార్ట్ బటన్ తగిలించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మరుసటేడు 8.1లో బటన్ తిరిగొచ్చాక ఆయన మొహం చూడలేకపోయాం. ఇప్పుడు మళ్లీ కళ వచ్చింది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి, మా పేటల్లో పాత మిషన్లకు అది లేదు. 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు పొందడానికి పేరు నమోదు చేసుకునే ఏర్పాటు మైక్రోసాఫ్టే ఇచ్చింది. కాసేపట్లో అయ్యే పని, అందుకే ఆయనకు రుచించదు. రిజిస్ట్రీలో దొంగదారి చూపి 11 ఎక్కిస్తానంటాడు. కాదంటే విండోస్ తీసేసి లైనక్స్ మింట్ అంటాడు. ఒక సేట్ ఒప్పుకున్నాడు కూడా. తెల్లారి ట్యాలీ తెరవబోతే తెరుచుకోలేదు. అది విండోస్ సరుకు. టవళ్ల బిల్లులన్నీ అందులోనే. ఆ పూట సేట్ నోట వచ్చిన మరాఠీ ఇక్కడ రాయను.

ఆయన సొంత కంప్యూటర్ నడుస్తుండగా చూసినవాళ్లు లేరు. మూత తీసే ఉంటుంది. ఆన్ చేస్తే ఏ విండోస్ కావాలో, ఏ లైనక్స్ కావాలో అడుగుతూ బారెడు జాబితా వస్తుంది. ఏది ఎంచినా ఏదో ఒకటి అప్‌డేట్ అవుతుంటుంది. కూతురి కాలేజీ ఫారానికి ఆఖరి రోజు. ఆ రాత్రి తెర మీద ముప్పై శాతం దగ్గర చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. "వస్తది, వస్తది, ఇగ అయిపోతది" అంటున్నాడు ఆయన. భార్య ఏమీ అనలేదు. చెప్పులేసుకుని పిల్లను తీసుకుని మహా ఇ-సేవా కేంద్రానికి వెళ్లి ఫారం నింపించి వచ్చింది. అప్పటికి ముప్పై ఒకటి అయింది.

అయినా అన్యాయంగా మాట్లాడకూడదు. ఆయన చేసే వాటిలో నిజంగా మేలు చేసేవి ఉన్నాయి. ఆన్ చేయగానే తమంతట తాము లేచే అక్కర్లేని ప్రోగ్రాంలను ఆపడం, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం, ర్యామ్ తక్కువైతే ఇంకొకటి తగిలించడం. అవి చేయించుకోండి, ఆయనకంటే బాగా చేసేవాడు పేటలో దొరకడు. టీ ఇవ్వండి, ఇంకో కప్పు కూడా ఇవ్వండి. కానీ ఆయన కుర్చీలో కూర్చోకముందే రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి, పెళ్లి ఫొటోలు, బిల్లులు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి పెద్దమ్మకు ఇవ్వండి.