విభవ నామ క్యాసెట్టు

నన్ను ఆ ఇంట్లో ‘టూ ఇన్ వన్’ అనేవారు. రేడియో, టేప్ రికార్డరు కలిసిన పెట్టెను. మస్కట్‌లో పనిచేసే చిన్నబ్బాయి 1987 ఉగాదికి సెలవు మీద వస్తూ దుప్పట్లలో చుట్టి నన్ను తెచ్చాడు. అమలాపురం అవతల కొబ్బరితోటల్లో పెంకుటిల్లు. ఉగాది పచ్చడి తిన్న నోటితోనే మామ్మ నా ముందు కూర్చుని, “ఈ ఏడు ప్రభవ. నేను పుట్టిందీ ప్రభవలోనే. అరవై ఏళ్లు తిరిగి ఆ పేరు మళ్లీ వచ్చింది” అంది. నేను పట్టిన మొదటి గొంతు అది. అప్పటి నుంచి నా క్యాసెట్ల మీద తారీఖులు లేవు. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత అని మామ్మ చేతిరాతలో ఏళ్ల పేర్లే.

తాతయ్యకి నాతో పని వేరు. శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణాన్ని ఆకాశవాణి నేరుగా వినిపిస్తుంది. మిథిలా మండపం, అభిజిత్ లగ్నం, తానీషా నాటి ఆచారమని చెప్పుకొనే ముత్యాల తలంబ్రాలు, ప్రభుత్వం పంపే పట్టుబట్టలు, అన్నీ మాటల్లోనే కనిపించాలి. ఉషశ్రీ గారు ఆ వ్యాఖ్యానానికి పెట్టింది పేరు. ఏడాదికోసారి గాలిలో కలిసిపోయే ఆ మాటల్ని దాచుకోవాలని తాతయ్య కోరిక. ప్రభవలో దాచాను కూడా. నాలో రేడియో మోగుతూండగా రికార్డు మీట నొక్కితే, ఆ ధ్వని లోపలి తీగల గుండానే రీలు మీదికి వెళ్లిపోతుంది. గదిలో ఎవరు నవ్వినా, దగ్గినా అందులోకి రారు. అందుకే ఆ క్యాసెట్టు అద్దంలా ఉంటుంది. ఆ ఇంటి మనిషి ఒక్కరూ దాన్లో లేరు.

విభవలో, 1988 మార్చి 26 శనివారం నవమి. ముందురోజు సాయంత్రం నా స్టేషను ముల్లుని లాగే దారం తెగింది. రేడియోలో స్టేషను కుదరడం లేదు, టేపు మాత్రం పనిచేస్తోంది. తాతయ్య అటక మీది పాత మర్ఫీ రేడియో దింపించి, ముక్కాలిపీట మీద నన్ను దాని ఎదురుగా పెట్టించి, మైకుతో పట్టమన్నాడు. “ఎవరూ మాట్లాడకండి” అని కూడా అన్నాడు. నవమి పూట, అంతమంది ఉన్న ఇంట్లో!

నా మైకుకి ఒక గుణం ఉంది. ఎదుటి ధ్వని పెద్దదైతే తనంతట తాను తగ్గించుకుంటుంది, చిన్నదైతే చెవి రిక్కించి పెంచుకుంటుంది. వ్యాఖ్యాత ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా పెరటి దాకా వెళ్లి వచ్చాను. రోట్లో మిరియాలు, ఏలకులు దంచుతున్న చప్పుడు. పందిట్లో తాటాకుల గలగల. “మామ్మా, నాకింకో గ్లాసు పానకం” అని ఏడేళ్ల మనవడు. “వడపప్పు తిని తాగరా, కడుపులో చలవ” అని మామ్మ. జీలకర్ర-బెల్లం వేళకి ఆమె అందరినీ లేపి రేడియో మీద అక్షింతలు వేయించింది. నాలుగు గింజలు నా జాలీ మీద పడిన టకటక కూడా రీలు మీద ఉంది.

తరువాత సన్నాయి మోగుతూండగా మామ్మ ఎవరితోనో అంటోంది: “మా నాన్న రాజమండ్రిలో లాంచీ ఎక్కి, పాపికొండల మీంచి భద్రాద్రి వెళ్లేవాడు. వచ్చేటప్పుడు ఉత్తరీయం కొంగున తలంబ్రాలు ముడేసుకొచ్చేవాడు. అమ్మ వాటిని జాడీలో దాచేది. నా పెళ్లి అక్షింతల్లో ఆ గింజలే కలిపారు.” మామ్మ పెళ్లి గురించి ఆ ఇంట్లో ఇంకెక్కడా రాత లేదు, ఫొటో లేదు. అంతకుముందు ఒక ఆడగొంతు “అది కాదొదినా...” అంటూ ఏదో చెప్పబోతుంది. సన్నాయి పెరిగి మిగతా మాట మునిగిపోయింది.

సాయంత్రం తాతయ్య విని బాధపడ్డాడు. కల్యాణం సగం కూడా వినబడటం లేదు, దీని మీద వేరేది పట్టేద్దామన్నాడు. క్యాసెట్టు వీపున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. ఒకటి విరిస్తే ఆ వైపు మళ్లీ రికార్డు కాదు. మామ్మ మాట్లాడకుండా జడలోంచి పిన్ను తీసి మొదటి వైపు పలక విరిచేసింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నేను చూసిన పనులన్నిటిలోకీ నాకది గొప్పది.

రెండో వైపు ఖాళీగా ఉంది. నవమి మర్నాడే మట్టలాదివారం వచ్చింది. పక్కవీధిలో చర్చి పాటలు నేర్పే మాస్టారు వచ్చి, “పిన్నిగారూ, ఈస్టరు తెల్లారగట్ల ఊరేగింపు ఉందండి. పెట్టె ఓసారి ఇప్పిస్తారా?” అన్నారు. “తీసుకెళ్లండి మాస్టారూ, వెనక వైపు ఖాళీయే” అంది మామ్మ. చైత్రంలో చంద్రుడు నిండకముందు నవమి, వసంతంలో పున్నమి దాటిన ఆదివారం ఈస్టరు. చాలా ఏళ్లు రెండిటికీ ఒకే చంద్రుడు. ఆ ఏడు ఒకే క్యాసెట్టు కూడా.

ఏప్రిల్ 3 తెల్లవారుజామున కరెంటు లేదు. పాత బ్యాటరీలతో నడిచాను. పాటలు పాడుకుంటూ సమాధుల తోట దాకా వెళ్లారు. సున్నం కొట్టిన సమాధుల మీద పూలదండలు, కొవ్వొత్తులు. మాస్టారు తన కూతురికి ఒక్కొక్కటే చూపించి, ఇది మీ తాతది, ఇది నువ్వు పుట్టకముందు పోయిన మీ అక్కది అని చెబుతున్నారు. బ్యాటరీలు నీరసించి రీలు నెమ్మదిగా నడిచింది. కరెంటు మీద వింటే చివరికొచ్చేసరికి ఆయన గొంతు సన్నబడి, పరుగులెత్తి, పసివాడి గొంతులా మారిపోతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పెంకులు లేచిపోయాయి. కొబ్బరిచెట్లు తోటలు తోటలుగా పడ్డాయి. క్యాసెట్ల పెట్టెలో నీళ్లు చేరి కొన్ని రీళ్లు అంటుకుపోయాయి. విభవ మామ్మ బీరువాలో చీరల అడుగున ఉండి బతికింది. ఆ తరువాత కల్యాణం టీవీలోకి వెళ్లింది. నేను అటకెక్కాను. తాతయ్య, మామ్మ ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

నన్ను దింపింది మునిమనవరాలు, పానకం అడిగిన ఆ మనవడి కూతురు. హైదరాబాదులో చదువుకుంటోంది. లోపల రబ్బరు బెల్టులు కరిగి తారులా అంటుకుంటే మెకానిక్ గీకి కొత్తవి వేశాడు. స్పిరిట్ దూదితో హెడ్డు తుడిచాడు. ఇయర్‌ఫోను రంధ్రంలోంచి తీగ లాగి నన్ను లాప్‌టాప్‌కి కలిపింది. నా దగ్గర తొందర పనికిరాదు. రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. అరగంట వైపుని అరగంటా కూర్చుని వినాల్సిందే. ఇంటిల్లిపాదీ కూర్చున్నారు.

ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న రీల్లో ఒక పొర ధ్వని పక్క పొరకి కాస్త అంటుతుంది. అందుకే మామ్మ మాట్లాడటానికి ఒకటి రెండు క్షణాల ముందే ఆమె గొంతు లీలగా వినిపిస్తుంది. అది విని తండ్రి ఉలిక్కిపడ్డాడు. తన ఏడేళ్ల గొంతు వచ్చినప్పుడు లేచి వరండాలోకి వెళ్లి, కాసేపాగి వచ్చాడు. తరువాత అమ్మాయి పుస్తకం తెరిచి అడగడం మొదలెట్టింది. “ఈ దంచేది ఎవరు నాన్నా?” “మా అమ్మ, మీ నానమ్మ.” “ఆవు అరిచింది కదా, దాని పేరు?” “గౌరి.” నిమిషం, దాని పక్కన మనిషి, ఆ పక్కన సంగతి. అలా రాసిపెట్టకపోతే మరో పాతికేళ్లకి ఇదంతా ఉత్త రొదే. ఆ అమ్మాయికి ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్లకి నా దండం. రెండో వైపు పాటల్ని మాస్టారి కూతురికి పంపింది. నెమ్మదించిన చోట వేగం సరిచేసి మరీ పంపింది.

“అది కాదొదినా” అన్న గొంతు మాత్రం ఎవరిదో తండ్రికీ తెలియలేదు. ఆ ముక్క కత్తిరించి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. రెండో రోజు కాకినాడ నుంచి ఒకావిడ ఫోను చేసింది. “అది మా అమ్మ గొంతమ్మా. మీ మామ్మకి ఆడపడుచు వరస. ఆ నవమికి మీ ఇంట్లోనే ఉంది, ఆయ్.” ఏం చెప్పబోయి ఉంటుందో ఆవిడకీ తెలియదు. అమ్మాయి మాత్రం వదల్లేదు. “మీ ఇంట్లో నవమి ఎలా చేసేవారు? ఇది రికార్డు చేసుకోవచ్చా?” అని అడిగింది. ఆవిడ అందుకుంది. వాళ్లది పానకంలో శొంఠి కూడా వేసే ఇల్లట.