డోలీకి సిగ్నల్ అక్కర్లేదు

దూరాన ఉన్న రోగిని డాక్టరుకు తెర మీద చూపించేది టెలిమెడిసిన్. దీనికి కేంద్రం 2020 మార్చి 25న మార్గదర్శకాలు ఇచ్చింది. మొహాలీ సీ-డాక్ సంస్థ తయారుచేసిన టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. ఒకటి, రోగే ఇంటి నుంచి ఫోన్లో డాక్టరుతో మాట్లాడడం. రెండు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సిబ్బంది బీపీ, షుగర్ చూసి, పెద్దాసుపత్రి డాక్టరును ట్యాబులో చూపించడం.

మొదటి దారికి విశాఖ పూర్ణా మార్కెట్ భేషైన చోటు. ఉల్లి బస్తాల సందుల్లోనూ సిగ్నల్ నిండుగా ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే: 1923 నాటి పెద్దాసుపత్రి కేజీహెచ్ అక్కడికి కూతవేటు దూరం. ఓటీపీ వచ్చేలోపు ఆటో ఓపీ ముందు ఆగుతుంది.

రెండో దారి కావలసింది పాడేరు ఏజెన్సీకి. అక్కడ కొన్ని గూడేల్లో సిగ్నల్ దొరకాలంటే కొండెక్కాలి. కొండెక్కే ఓపికున్నవాడికి డాక్టరెందుకు? లేనివాణ్ని డోలీ కట్టి రోడ్డు దాకా మోయాలి. తెర మీది డాక్టరు మందు రాస్తాడు గానీ కుట్టు వేయలేడు, కాన్పు చేయలేడు. రాసిన మాత్ర క్లినిక్ బీరువాలో లేకపోతే చీటీయే మిగులుతుంది.

మారుమూలకు వైద్యం చేరే వరస ఇది: ముందు రోడ్డు, తర్వాత టవరు, ఆ పైన మందులు, ఆఖరున ట్యాబు. ఏలినవారు ఆఖరు నుంచి పంచుకుంటూ వస్తున్నారు.