ఉప్పు చూసేదెవరు?

పెళ్లి వంటల దగ్గర "వడ్డన ఎప్పుడు?" అని అడిగేవాళ్లు మూడొందల మంది. గరిటెడు సాంబారు అరచేతిలో పోసుకుని ఉప్పు చూసేవాడు ఒక్కడు. బిట్‌కాయిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ‘బిట్‌కాయిన్ కోర్’ కొత్త వెర్షన్ వచ్చే ముందూ ఇదే తంతు. తుది విడుదలకు ముందు ‘ఆర్‌సీ’ (రిలీజ్ క్యాండిడేట్) అని ఒకటి బయటపెట్టి, "బాబ్బాబు, దించుకుని నడిపి చూడండి, వాలెట్ బ్యాకప్ తీసుకుని మరీ చూడండి, తేడా కనిపిస్తే చెప్పండి" అని బతిమాలతారు. ఇందులో జీతం లేదు, బత్తెం లేదు. విందు మాత్రం లక్షల కోట్ల రూపాయలది.

ఈ బిట్‌కాయిన్ మతానికి మూలమంత్రం ఒకటుంది: నమ్మకు, సరిచూసుకో. భక్తులు దాన్ని టీషర్టుల మీద అచ్చేసుకున్నారు. సరిచూడటం మాత్రం పక్కవాడి పని. ఆ పక్కవాడికీ ఒక పక్కవాడు ఉన్నాడు.

కోడ్ బహిరంగమే కదా, వేల కళ్లు కాపలా కాస్తున్నాయంటారు. కాస్తున్నాయి, ధరల గ్రాఫుని. 2016 నవంబరులో బ్లాకుల తనిఖీ వేగంగా సాగాలని ఒక చిన్న పరీక్షను, ఎలాగూ మరోచోట జరుగుతోందిలే అనుకుని తీసేశారు. 0.15 వెర్షన్ వచ్చేసరికి అది పెద్ద కన్నమైంది: ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు లెక్కచూపి, లేని బిట్‌కాయిన్లు పుట్టించొచ్చు. 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టనని ఒట్టేసిన నాణెం! 2018 సెప్టెంబరు దాకా ఆ కన్నం ఎవరి కంటా పడలేదు. పడింది ఎవరి కంటనయ్యా అంటే, వేరు కుంపటి పెట్టుకున్న బిట్‌కాయిన్ క్యాష్ డెవలపరు కంట. మన పప్పులో ఉప్పెక్కువైందని దాయాది వచ్చి చెప్పిపోయాడన్నమాట. ఆయనే చెప్పాడు కాబట్టి బతికిపోయారు.

ఇది మొదటిసారేమీ కాదు. 2010 ఆగస్టు 15న, 74638వ బ్లాకులో కూడిక పొంగిపొర్లి 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు ఊడిపడ్డాయి. అప్పుడు ఊరు చిన్నది, కొన్ని గంటల్లోనే సర్దుకున్నారు.

పరీక్షల కోసం టెస్ట్‌నెట్ అని విడిగా ఒక గొలుసుంది. అందులో నాణేలకు విలువ ఉండకూడదన్నదే దాని నియమం. ఎవరడిగినా ఉచితంగా పంచుతారు. వాటిని కూడా అమ్ముకున్న ఘనులున్నారు. ఆ బేరాల బాధ పడలేక గొలుసును మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. బొమ్మల కొలువులో చెట్టియారు ముందున్న పప్పూ బియ్యం తూకానికి పెట్టే జాతి మనది.

జీతం లేకుండా ఉప్పు చూసే ఈ టెస్టరుకు మన దేశంలో ఒక్క వెసులుబాటుంది. క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతం. సున్నాలో 30 శాతం కట్టడానికి ఆడిటరు అక్కర్లేదు.

ఇంతా అయ్యాక తుది వెర్షన్ వస్తుంది. ఆర్‌సీ పిలుపు వచ్చిన వారమంతా ధర చూస్తూ కూర్చున్న పెద్దమనిషి దాన్ని దించుకుంటాడు. ఎక్కడో వాలెట్ మొరాయిస్తుంది. కంచం పక్కకు తోసి, ఊరంతా వినబడేలా అడుగుతాడు: "విడుదలకు ముందు ఒక్కడూ చూడలేదా?"