మాస్కు పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

అవతారిక

నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే రోడ్డు మీద ఇందుకూరుపేట ఉంది. చుట్టూ వరిమళ్లు, వాటికి ఆవల రొయ్యల గుంటలు, రాత్రయితే ఉప్పుగాలి. ఇంత గాలి ఉన్న సీమలో కూడా కొందరికి నిద్రలో ఊపిరాడదు. అటువంటి ఒకానొక రొయ్యల రైతును గురించి పుట్టిన చాటువు ఇది. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, శతకాలకు వావిళ్లవారు దొరికారు. ఈ పద్యానికి నేను దొరికాను.

సందర్భం: నాయకుడు నడివయసువాడు, లావుపాటి మెడవాడు, గురకలో ప్రసిద్ధుడు. నెల్లూరులో ఒక రాత్రి ఒంటినిండా తీగలు తగిలించుకొని నిద్ర పరీక్ష చేయించుకున్నాడు. రోగం స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగడం, అని తేలింది. డాక్టరు మాస్కు గుండా ఒత్తిడి గాలి పంపే సీపాప్ మిషను రాశాడు. మిషనుతోపాటు దుకాణంలో చేతికందిన మాస్కొకటి ఇంటికి వచ్చింది.

మూలం

ఆ. ముక్కు కొలత లేక మూతికి తగిలించి
పట్టి బిగియ లాగి పండు నతడు;
గాలి బుస్సుమనును కంటిలోపల దూరి;
గురక తిరిగి వచ్చు కొంప కపుడు.

ప్రతిపదార్థం

అతడు = ఆ నాయకుడు; ముక్కు కొలత లేక = నాసిక పొడవు వెడల్పులు చూసుకొనకయే; మూతికిన్ = నోటి భాగమునకు; తగిలించి = మాస్కును తొడిగి; పట్టి = తల వెనుకకు పోవు సాగుడు పట్టీని; బిగియన్ = బిగుసుకొనునట్లు; లాగి = గుంజి; పండున్ = శయనించును; గాలి = మిషను పంపెడు గాలి; కంటిలోపలన్ = నేత్రమునందు; దూరి = చొచ్చి; బుస్సుమనును = సర్పమువలె ధ్వనించును; అపుడు = ఆ నడిరేయి; కొంపకున్ = ఇంటికి; గురక = పోయెననుకొన్న గురక; తిరిగి వచ్చున్ = మరల వేంచేయును.

తాత్పర్యం

తనకు సరిపోని మాస్కును బలవంతాన బిగిస్తే, గొంతుకు పోవలసిన గాలి కళ్లలోకి పోతుంది. గొంతు మళ్లీ మూసుకుంటుంది. గురక మళ్లీ మొదలవుతుంది. మాస్కు విషయంలో కొలత చేసే పని బిగింపు చేయలేదని భావం.

విశేషాలు

మొదటి పాదం. మాస్కులు త్రివిధములు. ముక్కునూ నోటినీ కలిపి కప్పేది ఫుల్ ఫేస్ మాస్కు. నోరు తెరిచి నిద్రపోయేవారికి సాధారణంగా ఇది ఇస్తారు. ముక్కును మాత్రమే కప్పేది నాసల్ మాస్కు. ముక్కు రంధ్రాల దగ్గర రెండు మెత్తలతో ఆనుకునేది నాసల్ పిల్లోస్. ముఖం మీద బరువు ఉంటే ఉక్కిరిబిక్కిరయ్యేవారికి ఇది నయం. మన నాయకుడిది మొదటి రకమని "మూతికి" అన్న మాటవల్ల తెలుస్తోంది.

శంక: పెట్టుకునేది మూతికైతే ముక్కు కొలత ఎందుకు? సమాధానం: ఫుల్ ఫేస్ మాస్కు పై అంచు కూర్చునేది ముక్కుదూలం మీదనే. అక్కడి నుంచి కింది పెదవి కిందిదాకా ఉన్న దూరమే దానికి ప్రమాణం. కంపెనీలు ఇందుకోసం కొలత కాగితాలు అచ్చువేస్తాయి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో ఏకీభవించదు. శాఖాభేదం వేదాలకే తప్పలేదు.

కొలతకు కవి మొదటి స్థానం ఇవ్వడానికి చారిత్రక కారణం ఉంది. 1980కి ముందు ఈ రోగం ముదిరితే గట్టి వైద్యం ఒకటే: గొంతుకు రంధ్రం చేయడం. సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు ముక్కు గుండా ఒత్తిడి గాలి పంపి చూశాడు. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. తొలిరోజుల్లో ఒక్కో రోగి ముక్కుకు అచ్చు తీసి, ఆ అచ్చు మీద మాస్కు పోతపోసి, ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో అతికించేవారు. జిగురు బాధ ఉన్నా ఆ రోగికి సైజు బాధ లేదు. అతని మాస్కు అతని ముక్కులోంచే పుట్టింది. ఫ్యాక్టరీలు మూడు నాలుగు సైజులు పోసి ప్రపంచమంతా అమ్మడం మొదలయ్యాక ముక్కే మాస్కును వెతుక్కుంటూ పోవలసి వచ్చింది.

రెండో పాదం. పద్యానికి ప్రాణం "బిగియ లాగి". ఇది విషమాలంకారం. మేలు కోరి చేసిన పని కీడు తెచ్చిపెట్టడం దాని లక్షణం. మాస్కు అంచున పలుచని సిలికాన్ పొర ఉంటుంది. లోపలి గాలికి అది ఉబ్బి చర్మానికి ఆనుకుంటుంది. పట్టీ గుంజితే ఆ పొర ముడతలు పడుతుంది. ముడతల సందుల్లోంచి గాలి పోతుంది. గాలి పోతోందని నాయకుడు ఇంకా గుంజుతాడు. తెల్లారేసరికి ముక్కుదూలం మీద ఎర్రని గాటు.

శాస్త్రం ఏమంటుందంటే: కూర్చుని పట్టీ సర్దరాదు. పడుకుంటే చెంపల కండ జారి ముఖం రూపు మారుతుంది. కాబట్టి పడుకుని, మిషను వేసి, గాలి నిండుగా వస్తుండగా, రెండు వైపులా సమంగా సర్దాలి. గాలి కారకుండా ఎంత వదులు చేయగలిగితే అంత మంచిది. పొర కుదురుగా లేదనిపిస్తే మాస్కును ముఖం మీద నుంచి కొంచెం ఎత్తి, మళ్లీ వదలాలి. ఇంత శాస్త్రాన్నీ నెల్లూరు వ్యవహారం ఒక్క మాటలో చెబుతుంది: "బిగించబాక!"

ఉపవిధులు రెండు. ఒకటి, పడుకోబోయే ముందు ముఖం కడగాలి, అంచునూ రోజూ సబ్బునీళ్లతో కడగాలి. చర్మం జిడ్డుకు సిలికాన్ జారుతుంది. రెండు, మీసం. గుబురు మీసం మీద మాస్కు అంచు ఆనదు. మీసం తీయడమా, పిల్లోస్‌కు మారడమా అన్నది కుటుంబ పరువుకు సంబంధించిన ప్రశ్న కనుక వ్యాఖ్యాత తలదూర్చడు.

మూడో పాదం. "గాలి" అంటే ఆక్సిజన్ అని పూర్వ వ్యాఖ్యాతలు, అనగా చూడవచ్చిన బంధువులు, పొరబడ్డారు. "పాపం, ఆక్సిజన్ మీద ఉండాడంట" అని ఊరంతా చెప్పారు. అది పడకగది గాలే. మిషను వడగట్టి, ఒత్తిడి పెంచి పంపుతుంది. ఒత్తిడిని నీటి మట్టంతో కొలుస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఇరవై సెంటీమీటర్లు. ఎంతన్నది డాక్టరు నిర్ణయించాలి, నాయకుడు కాదు. ఇక్కడ దృష్టాంతం ఊళ్లోనే ఉంది. రాత్రివేళ రొయ్యల గుంటలో ప్రాణవాయువు పడిపోతుందని ఏరేటర్లు తిప్పుతారు. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటరు వేస్తారు. అయితే ఏరేటరు నీళ్లలో ప్రాణవాయువు కలుపుతుంది. మన మిషను ఏమీ కలపదు, నిద్రలో మెత్తబడి మూసుకుపోయే గొంతును గాలితో తెరిచి ఉంచుతుంది. దృష్టాంతం అక్కడికే ఆగుతుంది. రొయ్యకు చూపిన శ్రద్ధలో పావువంతు యజమాని తనకు చూపుకోలేదన్న ధ్వని మాత్రం ఆగదు.

"బుస్సుమనును" అన్నదానికి వివేకం కావాలి. మాస్కు ముందు భాగాన సన్నని రంధ్రాలుంటాయి. విడిచిన ఊపిరి వాటిలోంచి పోవాలి. ఆ చప్పుడు ధర్మబద్ధం. దాన్ని ప్లాస్టరు వేసి మూయడం మహాపాతకం. అంచుల్లోంచి వచ్చే బుస్సు మాత్రమే దోషం.

పాఠాంతరం: కొందరు "చెంపలోపల" అని చదువుతారు. గాకారానికి చెంకారంతో యతి చెల్లదు కనుక త్యాజ్యం. వైద్యం కూడా ఛందస్సు పక్షానే ఉంది: పై అంచు ముక్కుదూలం దగ్గర తేలితే గాలి పోయేది కళ్లలోకే. పొద్దున కళ్లు ఎండి ఎర్రబడితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో మాస్కు ఒకటి.

నాలుగో పాదం. కర్తృత్వ చర్చ ఇక్కడే తేలాలి. నాయకుడే కవి అన్న వాదం నిలవదు. తన గురక తనకు వినపడదు. "అతడు" అనడంలో దూరం ఉంది. "ఇంటికి" అన్నా గణం చెడదు, యతి మాత్రమే చెడుతుంది. ఆ వంకతో "కొంపకు" అనడంలో ఆనందం ఉంది. పక్క గదిలోకి చాప మార్చుకున్న అనుభవం లేనిదే ఈ పాదం పుట్టదు. కాబట్టి ఇది కవయిత్రి రచన, ఆమె నాయకుడి ధర్మపత్ని. అడిగితే "నేనేం పద్యం రాయలా, ఉండే మాట చెప్పినా" అన్నదట. స్వభావోక్తి అంటే అదే కదా.

ఇది హాస్యరసమని తీర్పు చెప్పేవారికి ఒక మాట. నిద్రలో పది సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడాలూ సన్నగిల్లడాలూ గంటకు ఐదు దాటితే రోగం, పదిహేనుకు మధ్యమం, ముప్పైకి తీవ్రం. "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" సినిమాలకు పాటలు కట్టిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ రోగమే. గురక నవ్వు తెప్పిస్తుంది. దాని తర్వాత వచ్చే నిశ్శబ్దం వినేవాళ్లకు నవ్వు రాదు.

శంకా సమాధానాలు

శంక: మాస్కు పెట్టగానే గుండె దడ వస్తే? సమాధానం: పగటిపూట, మెలకువగా, టీవీ చూస్తూ ముందు వట్టి మాస్కునూ, తర్వాత గాలితోనూ పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. గాలిని మెల్లగా మొదలుపెట్టి పెంచే ఏర్పాటు చాలా మిషన్లలో ఉంటుంది.

శంక: తుపాను రాత్రి కరెంటు పోతే ఊపిరాడక పోతుందా? సమాధానం: ఫుల్ ఫేస్ మాస్కులో అందుకే ఒక కవాటం ఉంటుంది, గాలి ఆగగానే తెరుచుకుని గది గాలిని రానిస్తుంది. ఇన్వర్టరు ఉంటే నిద్రకు భంగం ఉండదు.

శంక: అయస్కాంతం బొత్తాల మాస్కు తేలిక కదా? సమాధానం: తేలికే. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారికీ, వారి పక్కన పడుకునేవారికీ మాత్రం అది నిషిద్ధం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని త్రికాలాల్లో పఠించినా ఫలం లేదు. మాస్కును ఏకకాలంలో, అనగా రాత్రంతా, ధరించినవారికే ఉంది. అమెరికా ఇన్సూరెన్సువారు పది రాత్రుల్లో ఏడు, రాత్రికి నాలుగు గంటలు పెట్టుకుంటే చాలు, భక్తుడని ఒప్పుకుంటారు. ఇందుకూరుపేట కవయిత్రి అంత ఉదారురాలు కాదు. పెట్టుకున్న గంటలనూ కారిన గాలినీ మిషనే లోపల రాసుకుంటుంది కనుక డాక్టరు దగ్గర అబద్ధం ఆడడానికీ వీల్లేదు. మాస్కు కుదరని నాయకుడు మిషనును బీరువా మీద పెట్టే ముందు, పట్టీని కాదు, మాస్కునే మార్చి చూడవలెనని ఈ వ్యాఖ్యానం విధిస్తోంది.